సింగపూర్ నుంచి ఐదో ఉత్తరం

2006 జూన్ 5, రేపల్లె
స్వాతి ఫోను, సింగపూర్ నుంచి. ఏడో నెల రాకుండానే మంచం దిగొద్దన్నారట డాక్టరు. బీపీ. ఇదివరకే రెండు పోయాయి... "పెద్దమ్మా, నువ్వొచ్చెయ్యి. వీసాకి కావలసిన పిలుపు ఉత్తరం మా ఆయన పంపిస్తారు." చెల్లెలు రెండో కాన్పులో పోతే తొమ్మిదో ఏట నుంచి నా పక్కలో పడుకుని పెరిగిన పిల్ల. ఊళ్ళోవాళ్ళ బాలింతలకి చెయ్యడానికి నాలుగుసార్లు సింగపూర్ వెళ్ళినదాన్ని, దీనికి వెళ్ళనా!

జూన్ 8
తెనాలి వెళ్ళాను. వీసా ఏజెంటు రమణారావు ఫ్యాను కింద కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెప్పించాడు. పాత గిరాకీని కదా.
"సింగిల్ ఎంట్రీ వీసా అయితే ఒక్కసారే వెళ్ళడం పిన్నిగారూ. ముప్ఫై రోజులకి ముద్ర వేస్తారు. ఇంకా ఉండాలంటే అక్కడ అడుక్కోవాలి. మల్టిపుల్ అయితే రెండేళ్ళు. వెళ్ళచ్చు, రావచ్చు, మళ్ళీ వెళ్ళచ్చు."
మంచాన ఉన్నన్నాళ్ళు, కాన్పు, ఆ తర్వాత నలభై రోజులు... ఒక్క ముద్రతో తెమిలే పనా! మల్టిపులే పెట్టమన్నాను.
"అలాగైతే పాత ప్రయాణాలన్నీ రాయాలండి. ఎవరింటికి వెళ్ళారు, వాళ్ళకి మీరేమవుతారు..."
ఏమవుతారు! పాత ఉత్తరాల జిరాక్సులు బల్లమీద పరిచాడు. పద్మజకి పెద్దమ్మని. లావణ్యకి మేనత్తని. మూడో అమ్మాయికి ఏకంగా అత్తగారిని. నాలుగో ఇంటికి అమ్మమ్మ చెల్లెల్ని. పిల్లకి నీళ్ళు పొయ్యడానికి వచ్చే మనిషి అని రాస్తే విజిట్ వీసా రాదని, ఎవరికి తోచిన వరస వాళ్ళు కలిపేశారు. విడివిడిగా విన్నప్పుడు నవ్వుకున్నాను. నాలుగూ పక్కపక్కన చూస్తే నవ్వు రాలేదు.
"అప్పుడేం రాశారో ఇప్పుడూ అదే రాయాలండి. మార్చారో, దొరికిపోతారు."
రాశాను. సంతకం కూడా పెట్టాను.

జూన్ 9
సింగిల్‌కైతే పాత ప్రయాణాలు రాసే గళ్ళే ఉండవట. ఇవాళ చెప్తాడా ఆ మాట!

జూన్ 17
స్వాతికి నేను నిజంగా పెద్దమ్మనని రుజువు జతచేస్తే మంచిదట. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. లేని చుట్టరికాలకి ఏ రుజువూ అడగలేదు ఎవరూ.

జూన్ 19
బాపట్ల. స్వాతి చదివిన బడి. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే, పాత రిజిస్టరు దులిపి మరీ తీయించింది. గార్డియన్ అన్నచోట వాళ్ళ నాన్న పేరుంది. ఏడాదికోసారి కూడా మొహం చూపించని మనిషి.
"నా పేరెక్కడా లేదాండీ?"
"తల్లి పేరుంటుంది కానీ, తల్లికి అక్క పేరెందుకుంటుందండీ?"
నిజమే. ఎందుకుంటుంది. ఉత్త చేతులతో బస్సెక్కాను.

జూన్ 20
స్వాతి పెళ్ళి ఆల్బం మొత్తం వెతికాను. మొగుడు పోయినదాన్నని పీటల దగ్గరికి నేనే వెళ్ళలేదు. ఎవరూ వద్దనలేదు, నాకు నేనే వెనక నిలబడ్డాను. వంటలకాడ తీసిన ఒక ఫొటోలో నా వీపు మాత్రం ఉంది.

జూన్ 27
వీసా వచ్చింది. మల్టిపులే. రెండేళ్ళు. రుజువూ లేదు, ప్రశ్నా లేదు. రమణారావు "చూశారా పిన్నిగారూ!" అని ఒకటే సంబరం. వచ్చే నెల తొమ్మిదికి మద్రాసు రైలు, మర్నాడు విమానం. నాకు మాత్రం పొద్దున్నుంచీ కుడికన్ను అదురుతోంది.

జూన్ 30
పద్మజ ఫోను. సింగపూర్‌లో నేను మొదట చేసింది ఆ పిల్లకే. గొంతు తగ్గించి మాట్లాడింది.
"ఇక్కడి వీసా ఆఫీసు నుంచి ఇంటికి ఇద్దరొచ్చారండి. మీ ఫొటో చూపించి, ఈవిడ మీకేమవుతారని..."
"ఏం చెప్పావమ్మా?"
"కంగార్లో మా అత్తగారని చెప్పేశానండి."
ఉత్తరంలో పెద్దమ్మని! పైగా అసలు అత్తగారు వెనక గదిలోనే టీవీ చూస్తున్నారట.
విజిట్ వీసామీద పనిచేస్తే లోపలేస్తారట, పెట్టుకున్నవాళ్ళకీ తప్పదట. "మీరిప్పుడు రాకండి పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను." పెట్టేసింది.
జీతం తీసుకున్నమాట నిజం. ఎవరి దగ్గర కాదన్నా ఈ డైరీ దగ్గర కాదనను.

జూలై 1
లావణ్య ఫోను ఎత్తడం లేదు. మూడుసార్లు చేశాను.

జూలై 3
రమణారావుని అడిగాను, దిగాక ఆపేస్తే ఏం గతి అని.
"వీసా వరకూ నా పనండి. దిగాక దేవుడున్నాడు."
వీడి మొహం... కూల్‌డ్రింకు కూడా ఇవ్వలేదీసారి.

జూలై 6
స్వాతి. మాటకంటే ముందు ఏడుపు. ఆ వీసా ఆఫీసు నుంచి వాళ్ళకీ ఫోనొచ్చిందట. అల్లుడు మాట్లాడాడట. "ఏదో ఊరి పరిచయమండీ. ఉత్తరం అడిగితే ఇచ్చాను. ఆవిడిప్పుడు రావట్లేదు." ఉద్యోగం పోతుందని భయపడ్డాడట.
ఏమీ కానివాళ్ళు నలుగురు నన్ను చుట్టమని రాసిచ్చారు. సొంత అల్లుడు కాదన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను, ఫోను పెట్టేశాక.
"రావద్దు పెద్దమ్మా" అంది. అంతలోనే "కాళ్ళు వాచిపోయాయి. కళ్ళముందు మసకగా ఉంటోంది..." అంది. డాక్టరుతో ఇప్పుడే చెప్పమని అరిచాను. చెల్లెలు కూడా పోయేముందు ఇదే చెప్పింది, దీపం మసగ్గా ఉందేంటక్కా అని.
భయంగా ఉంది. నాకోసం కాదు.

జూలై 8
పెట్టె సర్దాను. శొంఠి, వాము, వెల్లుల్లి కారం, ఆముదం... అన్నీ మళ్ళీ బయట పెట్టేశాను. తెరిచి చూస్తే బాలింతకి చేసే మనిషని ఇట్టే తెలిసిపోతుంది. మూడు చీరలే మిగిలాయి.
స్వాతితో వస్తున్నానని చెప్పలేదు.

జూలై 9
తెనాలి స్టేషను. బండి గంట లేటు. ఇంటికెళ్ళిపోవడానికి గంట టైముంది... వెళ్ళలేదు.

జూలై 10, విమానంలో
సింగపూర్‌లో దిగగానే గేటు దగ్గర చూపించాల్సిన కార్డు ఇచ్చారు. పేరు రాశాను. పాస్‌పోర్టు నంబరు రాశాను. సింగపూర్‌లో ఎక్కడ ఉంటారు — అక్కడ చెయ్యి ఆగిపోయింది.
స్వాతి ఇంటి అడ్రసు రాస్తే, అల్లుడు వాళ్ళతో చెప్పింది అబద్ధమని నేనే రాసిచ్చినట్టు. అతని ఉద్యోగం పోతే ఆ పిల్ల ఆసుపత్రి సంగతేంటి? ఏదో హోటలు పేరు రాస్తే మళ్ళీ అబద్ధమే. ఈసారి వాళ్ళు కాచుక్కూచున్నారు, గేటు కూడా దాటనివ్వరు. నిజం రాస్తే దాని సంసారం మీదికి, అబద్ధం రాస్తే దాని మొహం కూడా చూడకుండా వెనక్కి.
బెల్టులు పెట్టుకోమంటున్నారు. చెవులు దిబ్బడ వేశాయి. కింద ఓడలు కనిపిస్తున్నాయి.
పక్క సీటు అమ్మాయి పెన్ను అడుగుతోంది, తన కార్డు నింపుకోవాలట. తెలుగుపిల్లే. "అయిపోయిందాండీ?" అంటోంది.
ఒక్క నిమిషం ఆగమ్మా అన్నాను. ఇందాక కూడా అదే అన్నాను.