కృష్ణుడి వేషంలో ఇంటికొచ్చిన అక్క

సరోజక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సంవత్సరీకం టేకులపల్లిలో మన ఇంట్లోనే పెట్టించాను. నాటకాల్లో చేరావని అన్న నిన్ను ఇరవై ఏళ్లు గడప తొక్కనివ్వని ఇంట్లోనే.

దండ వేయడానికి నీ ఫోటో వెతికితే వేషం లేనిది ఒక్కటీ దొరకలేదు. సినిమాలో నర్సు వేషం ఉంది, టీవీ సీరియల్లో అత్తగారి వేషం ఉంది. నేను మాత్రం నువ్వు ఏన్కూరు పందిట్లో కృష్ణుడి వేషం కట్టినప్పటిది తీశాను. ఆ రోజు జనం వన్స్ మోర్ అంటుంటే ఒకే పద్యం మూడుసార్లు పాడావు.

అన్న మండిపడ్డాడు. "వేషం ఫోటోకు దండ ఏసుడేంది? నలుగురు నవ్వరా?"

"మనిషిగ వస్తే రానియ్యకపోతివి. ఇప్పుడు దేవుడై వచ్చింది. ఎల్లగొడ్తవా అన్నా?" అన్నాను.

నిన్ను చూస్తే మొహం తిప్పుకునే పెద్దమ్మే అందరికన్నా ముందు కొంగు కప్పుకుని ఆ నెమలి ఈకకు మొక్కింది. నాకు నవ్వాగలేదు. ఇక అన్నకు కొబ్బరికాయ కొట్టక తప్పలేదు.

చుట్టాలు పోయాక ఫోటో తీసేస్తాడని నాకు తెలుసు. అందుకే గడపకు ఎదురుగా, గోడకు మేకు నేనే కొట్టాను. ఇకమీదట ఆ గడప ఎవరు దాటినా ముందు నీ మొహమే చూడాలి.