నోరు విప్పనని ఒట్టు

అల్లుడు గారూ,

మీ ఉద్యోగం కోసం మా త్రివేణి తన చిప్ డిజైన్ పని మానేసి ఈ కమ్మింగ్ ఊరికి వచ్చింది. అప్పుడు దాన్ని ఒక్కమాట అడిగినవాడు లేడు. ఆరేళ్లుగా నాకది మింగుడుపడలేదు.

అమ్మాయి ఉద్యోగంలో మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టి పైకొచ్చింది. ఇప్పుడు దూరాన ఫ్రీమాంట్ ఊళ్లో టీమ్ లీడ్‌గా ఓ కంపెనీ రమ్మంటే, మీరు "పాప స్కూల్ డిస్టర్బ్ అవుతుంది, నో చెప్పెయ్" అన్నారు. పక్కగదిలో విన్నాను. మీరు ఇంట్లో కూర్చునే పనిచేస్తారు గదా, ఆ ఇల్లు ఫ్రీమాంట్‌లో ఉంటే ఏం? పాపను నేను చూసుకుంటాను.

"నాన్నా, ఆయన దగ్గర నోరు విప్పకు" అని అది ఒట్టేయించుకుంది. రాయొద్దనలేదు. అందుకే మీ ల్యాప్‌టాప్ మడతలో పెడుతున్నా. తప్పులుంటే నవ్వుకోండి.

శుక్రవారం అది కంపెనీకి జవాబివ్వాలి. గురువారం భోజనాల దగ్గర "వెళ్దాం" అని మీరే చెప్పండి. లేదా, ఒట్టు తీసి గట్టు మీద పెడతాను.

మీ మామ