చప్పట్ల చిప్ మాత్రం అమ్మలేదు

ఇంటి యజమానురాలికి,

ఆవిడ లేని ఇంట్లో ఆవిడ పెట్టిన షరతులన్నీ దాదాపుగా పాటిస్తూ రోజులు గడుపుతున్న మొగుడు రాసేది. ఇక్కడ నేనూ పిల్లీ క్షేమం. అమ్మాయీ అల్లుడూ ఆదివారం వచ్చి చూసి, మేమిద్దరం ఒళ్లు చేశామని తేల్చారు. నీ సంగతేమిటి? ఆ బడిలో ముప్పై మందికి కుట్టుపని నేర్పుతూ నిలబడి నిలబడి మోకాళ్లు పట్టేశాయని ఫోనులో అన్నావు. ఒక కుర్చీ వేయించుకోవోయ్. టీచరమ్మవి, అడిగితే ఎవరు కాదంటారు?

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు అనేలోపే చెబుతున్నాను. ఫోనులో నేను "అది కాదోయ్" అనేసరికి నువ్వు నాలుగు జవాబులు చెప్పేస్తావు. ఈసారి నేను చెప్పేది చివరిదాకా చెప్పాలి. మధ్యలో ఆగితే మళ్లీ ధైర్యం రాదు. అందుకే కాగితం.

ముందు నీ ప్రశ్నలు. వంటింటి కొళాయి బాగుచేశాను. అంటే, నేను బాగుచేయబోయి పూర్తిగా ఊడగొట్టాను, ఆ తర్వాత ప్లంబరు వచ్చి బాగుచేశాడు. నీ కుట్టుమిషన్‌కి నూనె వేశాను. వెనక గది ఖాళీ అయిందా, అయిందా అని ఫోను చేసినప్పుడల్లా ప్రాణం తీస్తున్నావు కదా, అయింది తల్లీ! నీ కత్తిరింపుల బల్ల రేపు తెచ్చినా పడుతుంది. చిప్‌లు రాసే పెట్టె, వాటిని చెరిపే దీపం పెట్టె, ఆ వైర్ల చిక్కు, అన్నీ వెళ్లిపోయాయి. ఆ గది గోడ లేత పచ్చరంగని నాకిప్పుడే తెలిసింది.

అమ్మడం అంత తేలిగ్గా అవలేదులే. అమ్మాయి ఫోటోలు తీసి, "పాత డ్రమ్ మెషిన్లకు చిప్‌లు రాసే సామాను, అన్నీ పనిచేస్తున్నాయి" అని నెట్‌లో పెట్టింది. మొదటి వారం వచ్చిన ఫోన్లు వింటే నువ్వు పడీ పడీ నవ్వేదానివి. ఒకావిడ దీపం పెట్టెలో గోళ్లరంగు ఆరబెట్టుకోవచ్చా అని అడిగింది. "కళ్లు పోతాయమ్మా" అన్నాను. ఇంకొకాయన రాసే పెట్టె మీద ఉన్న ఆ మీట తిప్పితే ఏం తిరుగుతుందన్నాడు. అది చిప్‌ని బిగించే మీట మహాప్రభో, దేన్నీ తిప్పదు. బటన్ నొక్కితే వాయిద్యాల చప్పుళ్లు చేసే డ్రమ్ మెషిన్‌లో ఒక్కో చప్పుడూ ఒక్కో చిప్‌లో ఉంటుందని, చప్పుడు మార్చాలంటే ఆ చిప్‌ని ఊడదీసి, దాని వీపు మీద గాజు కిటికీకి అంటించిన కాగితం ముక్క తీసేసి, దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టి చెరిపి, అప్పుడు కొత్తది రాయాలని ఎంతమందికని చెప్పను? చివరికి నోరు నొప్పెట్టి ఫోను అమ్మాయికే ఇచ్చేశాను.

పోయిన గురువారం మధ్యాహ్నం ఒక మరమ్మతుల అమ్మాయి వచ్చింది. పాత వాయిద్యాల మెషిన్లు బాగుచేయడమే ఆమె పని. బ్యాగు దించీ దించగానే, "అంకుల్, టీ తర్వాత. ముందు చిప్ పెట్టండి" అంది. ఇన్నేళ్లకు నా భాష తెలిసిన మనిషి దొరికింది. ఆనందం పట్టలేక టీలో చక్కెర రెండుసార్లు వేశాను. పెట్టెలు రెండూ పరీక్షించి, అడిగిన ధరకు మారుమాట లేకుండా ఒప్పుకుంది.

ఆ తర్వాత మన డ్రమ్ మెషిన్ చూసింది. అమ్మకానికి పెట్టలేదు కానీ బల్ల మీదే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బటన్లు ఒక్కొక్కటే నొక్కుతూ చప్పట్ల దగ్గర ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. "ఇది ఆ బస్సుల పాటలో చప్పట్లే కదూ!" అని ఎగిరి గంతేసింది. మా రికార్డింగు గదికొచ్చిన ఆ బ్యాండువాళ్ల పాటే. అప్పట్లో అది మోగని బస్సు లేదు కదా. "ఇప్పటి పిల్లలు ఈ చప్పుడు కోసం పడి చస్తున్నారంకుల్. నేను దీన్ని ఇంకో వంద చిప్‌ల మీద రాసి ఇస్తాను. పైన పేరు కూడా వేస్తాను. ఎవరివి ఈ చప్పట్లు?" అంది.

నేను అలవాటు చొప్పున ఛాతీ విరిచి, "మా ఆవిడవి" అన్నాను.

ఆమె ఇంకోసారి విని, హెడ్‌ఫోన్స్ మెల్లగా తీసింది. "ఏమనుకోకండి అంకుల్. ఇది చెయ్యి కాదు. రబ్బరు."

ఇక ఇక్కణ్ణించి కొంచెం కూర్చుని చదువు.

మన పెళ్లి కాకముందు సంగతి. నువ్వు కింద దర్జీ కొట్లో పనిచేసేదానివి, నేను పైన ఆ రికార్డింగు గదిలో. మెట్ల మీద నిలబడి నువ్వొక్క చప్పట కొడితే వీధి చివర టీ కొట్టువాడు గ్లాసులు పట్టుకొచ్చేవాడు. నా చేతులు కొడితే పిండి పిసికినట్టు వినపడేది. అందుకే నిన్ను పైకి పిలిచాను, నువ్వు కొట్టావు, నేను చిప్‌లో రాశాను. మనం మాట్లాడుకోవడం మొదలైందే అక్కడ. అదంతా నిజం.

తర్వాత నీకు తెలిసిందే నిజం కాదు. పెళ్లి ఇంకో పది రోజులుందనగా, బ్యాండువాళ్లు పాట రికార్డు చేసే రోజు పొద్దున, పనికిరాని పాత గంట చప్పుడు చిప్ చెరుపుదామని కూర్చున్నాను. నా రాత నాకే అర్థం కాక, పేర్లు కొత్తగా రాద్దామని దాని మీది కాగితమూ నీ చప్పట్ల చిప్ మీది కాగితమూ రెండూ పీకేశాను. ఒక చిప్‌ని దీపం కింద పెట్టాను. ఇరవై నిమిషాలకు తీసి రెండోదాని పక్కన పెట్టి, రెంటికీ కొత్త కాగితాలు అంటించి, "చప్పట్లు" అని రాసిన చిప్ మెషిన్‌లో పెట్టి నొక్కితే చడీచప్పుడూ లేదు! గంట బదులు నీది చెరిపేశాననుకున్నాను. కింద నువ్వు కొట్లో అందరికీ చెబుతున్నావు, "ఇవాళ పాటలో నా చప్పట్లు పడుతున్నాయి" అని. నిన్ను మళ్లీ పైకి పిలిచి, మొదటిది పాడుచేశానని చెప్పడానికి నోరు రాలేదు. చేతకానివాడని పెళ్లి మానేస్తావేమోనని భయం. కాలి రబ్బరు చెప్పు తీసి నేలకేసి కొట్టి, ఆ చప్పుడు ఆ ఖాళీ చిప్‌లోనే రాసేశాను.

ఇరవై ఎనిమిదేళ్లు! నువ్వు బస్సెక్కి ఆ పాట వచ్చినప్పుడల్లా కండక్టరుతో సహా అందరికీ "అవి నా చప్పట్లే" అని చెబుతుంటే, నేను పక్క సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నీ గొప్ప అంతా నా చెప్పుది. క్షమించు. చేసినందుకు కాదు, ఇన్నేళ్లు దాచినందుకు.

గురువారం అదంతా ఆ అమ్మాయికి చెప్పేశాను. వింటే తెలిసిపోయే అబద్ధం, వంద చిప్‌ల మీద నీ పేరుతో ఊరు దాటిపోతుంటే ఊరుకోలేకపోయాను. ఏ మెకానిక్కో మళ్లీ విని "రబ్బరు" అంటే తల దించుకునేది నువ్వు కదా! ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, "అయితే పైన 'చెప్పు' అనే రాస్తాను" అంది. రాయమన్నాను. నీకు ముందు చెప్పకుండా ఒప్పుకున్నాను, దానికీ తిట్టు.

కానీ అసలు సంగతి ఇప్పుడు వస్తోంది. కొనేముందు ప్రతి చిప్పూ మెషిన్‌లో పెట్టి వినడం ఆమె పద్ధతి. నా పాత చిప్‌లన్నీ వేసిన బిస్కెట్ల డబ్బాలో అడుగున "పాత గంట" అని నా చేతిరాతతో ఒకటి దొరికింది. "ఇది పారేసేదమ్మా" అన్నాను. ఆమె వినలేదు, పెట్టి నొక్కింది. హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకు తగిలించి, మళ్లీ నొక్కింది.

ఫట్! నీ చప్పటే! ఏమే, నీ చప్పట నాకు తెలియదా? వెనకాలే "హి" అని నీ నవ్వు మొదలై, టక్కున తెగిపోయింది. ఆ చిప్‌లో చోటు అంతే, ఒక్క క్షణం కూడా పట్టదు. ఆ రోజు నేను పెద్ద ఇంజనీరులా ముఖం పెట్టి "కొట్టండి" అన్నందుకు నువ్వు నవ్వావు కదా, అదే.

నేను ఆ రోజు చెరిపింది గంట చప్పుడునే. తారుమారైంది కాగితాలు. పైన రాసిన పేరు నమ్మి ఆ రెండో చిప్‌ని ఒక్కసారైనా నొక్కి చూడలేదు, చూడు, అంత తెలివైనవాడు నీ మొగుడు! నువ్వెక్కడికీ పోలేదు. నా డబ్బాలోనే ఉన్నావు. ఆ పరాయి అమ్మాయి ముందు స్టూలు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. పాపం, ఆమె చల్లారిపోయిన టీ తాగుతూ గోడ వైపు చూసింది.

"ఇదీ ఇస్తారా అంకుల్?" అని చివరికి అడిగింది. ఆవిడ సొత్తమ్మా, ఆవిడనే అడగాలన్నాను. పాత చిప్‌లు ఏళ్లు గడిస్తే తమలో రాసింది వాటంతట అవే మర్చిపోతాయట. అందుకని ఆ పెట్టె వెళ్లిపోయేముందు దానితో ఆఖరి పనిగా నీ చప్పటకి నకలు రాయించి మెషిన్‌లో బిగించాను. అసలుది నీ సూదుల డబ్బాలో పెట్టాను. పెట్టెలు రెండూ ఆటోలో ఎక్కించాను. రాసే పెట్టె పోతుంటే కొంచెం బాధేసింది. దీపం పెట్టె పోతుంటే మాత్రం హమ్మయ్య అనిపించింది. ఇక ఈ ఇంట్లో నిన్ను చెరిపే వస్తువు లేదు.

డ్రమ్ మెషిన్ నీ బల్ల కింద పెడతాను, వద్దనకు. ఆ అమ్మాయి నీ జవాబు కోసం చూస్తోంది. నీ పేరుతో ఇవ్వాలో వద్దో నీ ఇష్టం. నేను మాత్రం రోజూ పొద్దున్నే ఆ బటన్ నొక్కుతున్నాను. ఫట్, హి, అంతే. మళ్లీ నొక్కుతున్నాను. అంతే. సగం నవ్వుతో ఎన్నాళ్లని బతకమంటావు? సెలవులివ్వగానే వచ్చెయ్. కొడితే కొట్టు, తిడితే తిట్టు, ఆ తర్వాత మిగతా సగం నవ్వు.

ఇట్లు,
తన చెప్పు చప్పుడుకు ఇరవై ఎనిమిదేళ్లు నీ పేరు పెట్టి, నీ పక్కనే కూర్చుని ఊరేగిన
నీ భర్త