బొంతలో అమ్మ కట్టని చీర

ఆదోని,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మ తరువాత అమ్మంతటి అక్కయ్యకు చెల్లెలు సరోజ నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? వానలు పడేలోగా మగ్గం గుంటలో ఇసుక మార్పించు, లేకపోతే చెమ్మ ఎక్కుతుంది.

ఎమ్మిగనూరు వదిలి నాలుగు నెలలైంది. బస్సుకు గంట దారే, కానీ నీళ్ళ రుచి దగ్గర నుంచి అన్నీ వేరు. మీ మరిదికి జిన్నింగు మిల్లులో పని కుదురుగానే ఉంది. సాయంత్రం కనుబొమల నిండా దూదితో వస్తారు, చూస్తే నవ్వొస్తుంది. కిటికీలు మూసినా ఆ దూది నలుసు ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఊడుస్తాను. తిండికి లోటు లేదు. మధ్యాహ్నం పూట మగ్గం చప్పుడు వినిపించకపోవడం ఒక్కటే ఇంకా అలవాటు కాలేదు.

ఇప్పుడొక సంగతి రాస్తాను. కంగారు పడవద్దు, మేము బాగానే ఉన్నాము.

మా పద్మ వచ్చే నెల పురిటికి పుట్టింటికి వస్తుంది కదా, బిడ్డకు బొంత కుట్టాలని అమ్మ పోయాక నువ్వు మూట కట్టి ఇచ్చిన ఆమె చీరలు మూడు తీశాను. మన ఇంటి పద్ధతే. రెండు గరిటెల మైదాకు పదహారు గరిటెల నీళ్ళు పోసి పలుచగా గంజి కాచాను. పసిబిడ్డ పడుకునేది కాబట్టి పురుగు పట్టకుండా వేసే మైలతుత్తం వేయలేదు. అమ్మ కుంచెతోనే పొర మీద పొర అంటించాను.

పక్కింటి ఖాసింబీ గుమ్మంలో నిలబడి ఒకటే నవ్వు. వాళ్ళాయన దూది ఏకుతాడు, ఆమె రజాయిలు కుడుతుంది.

"ఏంది సరోజమ్మా, గోడకు సినిమా కాగితం అంటించినట్ల అంటిస్తాండావు! మీ ఊర్లో సూదులు దొరకవా?"

"దొరుకుతాయి బీబీ. కచ్చాకుట్టు వేస్తే ఆ దారాలన్నీ మళ్ళ పీకాల. గంజయితే కుట్టినంక నీళ్ళలో ముంచితే పాయ."

"నువ్వు ముంచేలోపల ఎలకలు కొరికి నిన్ను ముంచుతాయి సూడు!"

బొంత నడిమింట్లో ఆరబెట్టి, తాళం వేసుకుని కొళాయికి పోయాను. రెండు బిందెలు పట్టుకుని వచ్చేసరికి బొంత మీద ఎవరో పడుకుని లేచిన గుంట ఉంది అక్కా. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఎడమ చెయ్యి ముందుకు చాపిన మనిషి గుంట. తడి గంజిలో అట్లాగే ఆరిపోయింది. జానతో కొలిచాను. తల నుంచి ముడుచుకున్న మోకాళ్ళ దాకా నాలుగు జానలు. నీకు తెలుసు, అమ్మ ఎంత పొట్టిదో.

ఖాసింబీ చూసింది. ఈసారి నవ్వలేదు.

"మీ ఆయన పండుకున్యాడేమో."

"ఆయన మిల్లులో ఉండాడు. తాళంచెవి నా కొంగునే ఉండాది."

ఆమె గడప దాటలేదు. "ఎవరన్నా కానీ, పండుకునేదానికి వచ్చినారు, కొట్టేదానికి కాదు. బయపడొద్దు" అని చెప్పి తలుపు దగ్గర నుంచే వెళ్ళిపోయింది.

మరునాడు గంజి మళ్ళీ తడిపి, చదును చేసి, కందిబేడలు చేటలో పోసుకుని ఎదురుగా కూర్చున్నాను. పట్టపగలు. నేను చూస్తుండగానే ముందు తుంటి దగ్గర బట్ట అణిగింది, తరువాత భుజం దగ్గర, చివరికి చెంప ఆనే చోట. చప్పుడు లేదు. అమ్మా అని పిలవాలని నోటి దాకా వచ్చింది, పిలవలేదు. పిలిస్తే లేస్తుందని భయం. లేవదని కూడా భయం.

రాత్రి మీ మరిదికి చెప్పలేదు. నా భయమంతా పద్మ గురించే. ఆ బొంత మీద పచ్చి బిడ్డను ఎలా పడుకోబెట్టను? అమ్మకు ఇష్టం లేక వస్తున్నదా, ఉండి వస్తున్నదా?

ఇంకా సూది తగలలేదు కాబట్టి బొంతను నీళ్ళలో ముంచి విప్పేశాను. చీరలు దేనికది ఊడి వచ్చాయి. వంకాయ రంగు చీర పిండితే నీళ్ళలో మైదా వాసన రాలేదు, కొత్త చీరకుండే మగ్గం గంజి వాసన వచ్చింది. అంచు చూశాను. ఎక్కడా అరుగుదల లేదు, మరక లేదు, కొంగు ముడి వేసిన గుర్తు లేదు. అమ్మ చివరగా తనకని నేసుకుని, కట్టకుండానే పోయిన చీర అది! నువ్వు పాత వాటితో కలిపి మూట కట్టావు, నేను బిరుసు చూసి కూడా చాకలి గంజి అనుకున్నాను. మగ్గం ఇంట పుట్టిన మనిద్దరికీ తెలియలేదు. అమ్మ ఎప్పుడూ అనేది గుర్తుందా? "కట్టని చీర ఇంగా ఎవరిదీ గాదు. ఒక్క దినమన్నా ఒంటి మీద ఉండాల, ఆమైనే బొంతకు."

ఖాసింబీకి చెప్పాను.

"అయితే ఆమె చీర ఆమెకిచ్చెయ్" అంది.

"యాడికి పోయి ఇచ్చేది బీబీ?"

"నాకేం తెల్సు తల్లీ? వచ్చేది ఈడికే కదా. ఈడనే పెట్టు."

చీరను నడిమింట్లో దండెం మీద మడత లేకుండా పరిచి, తలుపుకు తాళం వేసి, ఆ రోజంతా ఖాసింబీ ఇంట్లోనే ఉన్నాను. పొద్దు వాలే వేళకు వచ్చి చూశాను. చీర దండెం మీదే ఉంది. కానీ నడుం చోట కుచ్చిళ్ళ మడతలు పడి ఉన్నాయి. లెక్కపెట్టాను, ఏడు, సన్నవి, అమ్మ పెట్టేటట్లే. కొంగు చివర దోపుకున్నట్లు నలిగి ఉంది. చీరంతా శుభ్రంగా ఉంది, కింది అంచుకు మాత్రం పొడుగునా దూది నలుసు అంటుకుని ఉంది, ఈ నేల మీద నడిచిన చీరలాగా.

అక్కా, నేను గడపలోనే కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు.

శుక్రవారం మళ్ళీ గంజి కాచాను. మూడు చీరలూ అంటించి ఆరబెట్టాను. గుంట పడలేదు. నిజం చెప్పాలంటే కొంచెం ఎదురు చూశాను. నిన్నటికి కుట్టడం అయింది. ఈ పొద్దు మూడు నీళ్ళు మార్చి ఉతికాను, గంజి పూర్తిగా పోయింది. ఇప్పుడు మెత్తగా, ఎవరి గుర్తూ లేకుండా ఉంది. కానీ ఆ చాచిన ఎడమ చెయ్యి ఎక్కడ పడిందో నాకు తెలుసు. అక్కడ వంకాయ రంగు దారంతో ఒక చిన్న కుట్టు వేసి పెట్టాను. మనం చంటివాళ్ళప్పుడు అమ్మ మనల్ని ఆ చేతి మీదే పడుకోబెట్టుకునేది కదా, బిడ్డను అక్కడే పడుకోబెడతాను. పద్మకు ఇదేమీ చెప్పవద్దు.

ఎవరైనా ఇటు వస్తుంటే ఉయ్యాల కొక్కేలు, కొంచెం కొర్రలు పంపించు. పిన్నమ్మకు, బావకు నా దండాలు. పురిటికి నువ్వు తప్పక రావాలి. బిడ్డను మొదట ఆ బొంత మీద నీ చేతులతోనే వేయాలి, నీ దీవెన ముందు పడాలి.

చల్లగా ఉండమని నీ నోట ఒకసారి అను, మాకు అంతే చాలు.

నీ చెల్లెలు,
సరోజ