ఖాళీ మంచు

ఏప్రిల్ 6

పొద్దున కాఫీ దగ్గర ఆర్లో అందరికీ చెప్పింది తప్పు. వుల్వరీన్ కోసం మేము తిరిగింది ఐదు దేశాలు కాదు, నాలుగు. కజకిస్తాన్ వెళ్ళింది సైగా జింక కోసం. మంగోలియాలో పదిహేడు రోజులు గుర్రం మీద కూర్చున్నాం, గుర్రాన్ని మాత్రం బాగా చూశాం. నార్వేలోనూ కెనడాలోనూ పాదముద్రలు. ఫిన్లాండ్‌లో చేప ఎర వేస్తే గుడిసె ముందుకే వస్తుందన్నారు. పిలిస్తే వచ్చేదాన్ని చూడటానికి ఇంతదూరం ఎందుకు, ఇంట్లో పిల్లి ఉందిగా అన్నాను. ఇప్పుడు సొంత దేశంలోనే, అభయారణ్యంలో, లమార్ లోయ రోడ్డు పక్కన, మడత కుర్చీలో.

ఆర్లో నా మరిది. వాళ్ళ అన్న పోయి ఇరవై రెండేళ్ళు. ఆ ఏడాదే, ఏడ్చింది చాలు వదినా, ఏనుగుల్ని చూద్దాం పద, అని నన్ను బోట్స్‌వానా తీసుకెళ్ళాడు. అప్పటినుంచి ఆగలేదు. క్షీరదాలు మాత్రమే. పక్షులు చూసేవాళ్ళది వేరే కులం. ఇద్దరికీ చెరో ఆరువందల పైచిలుకు జాతులు. వుల్వరీన్ ఒక్కటే చిక్కలేదు. కుక్కంత జంతువు, ఎలుగుబంటి ఒళ్ళు, మనుషులంటే నాకున్నంత ఇష్టం దానికీ ఉంది.

ఏప్రిల్ 7

మంచు. మంచు. మోకాళ్ళు. మనవరాలు డులూత్ నుంచి ఫోను చేసి, అమ్మమ్మా, ఇంకా కనబడలేదా అంది. వుల్వరీన్‌కి మా సంగతి ఎవరూ చెప్పినట్టు లేదన్నాను.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం

ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. డిసెంబరులో కంటి డాక్టరు తేల్చేశాడు. రెండు కళ్ళలోనూ నడిమధ్య చూపు పోయింది, అంచులు మిగిలాయి. సూటిగా చూస్తే ఎవరో బూడిద బొటనవేలితో అద్దినట్టుంటుంది. ఈ డైరీ లావు పెన్నుతో, పేజీకి ఐదు వరసలు రాస్తున్నాను. వరసలు కొండెక్కుతున్నాయని తెలుసు.

ఆర్లోకి చెప్పలేదు. చెబితే ప్రయాణాలు మానేస్తాడు. మానేస్తే ఏం చేస్తాడు? పెళ్ళి లేదు, పిల్లలు లేరు, టీవీ పెట్టడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, తుంటి పట్టుకుని కారు దిగుతూ, సెప్టెంబరులో బోర్నియో వదినా, అంటున్నాడు. ఓ, వెళ్దాం, అన్నాను. ఆ మాటకే నడుము నొప్పి పుట్టింది.

అంచులతోనైనా వుల్వరీన్‌ని నా అంతట నేను చూస్తే చాలు. ఈ తిరుగుడు మర్యాదగా ముగించవచ్చు.

ఏప్రిల్ 9

ఇక్కడ జంతువు దొరికితే, ఏటా వచ్చే మావాళ్ళందరూ ఒక టెలిస్కోపు వెనక వరస కడతారు. కన్ను పెట్టినవాళ్ళు ముందువాళ్ళు చెప్పని గుర్తు ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే చూసినట్టు కాదు. ఈ నియమం పదిహేనేళ్ళ కిందట నేనే పెట్టాను, బడిపంతులమ్మ బుద్ధి. అప్పటికి, కనబడకపోయినా తల ఊపేవాళ్ళు ఎక్కువయ్యారు. దీనికి నన్ను తిట్టనివాళ్ళు లేరు.

ఇవాళ తోడేలు. న్యూ మెక్సికో నుంచి వచ్చే రమోనా ఏడోది. టీచరమ్మా, ముందు ఆరుగురూ తోడేలంతా పంచేసుకున్నారు, నాకు దాని ఆవలింత మిగిలింది, అంది. ఆవలింత చెల్లుతుందన్నాను.

నేను ఎనిమిదోదాన్ని. కాఫీ తెచ్చుకోవాలని కారు దగ్గరికి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 11, ఉదయం 9:40

వుల్వరీన్.

అదే రోజు, మధ్యాహ్నం

రమోనా చూసింది. ఎదుటి కొండ నెత్తిన, మైలున్నర దూరం, టెలిస్కోపు లేకపోతే ఎవరికీ ఏమీ కనబడదు. కెవ్వున అరిచి, జరగండి, టీచరమ్మని రానివ్వండి, పాతికేళ్ళుగా తిరుగుతోంది పాపం, అంది. పాతికేళ్ళు కాదు. దిద్దే సమయం లేదు.

వంగాను. నడుమ బూడిద, చుట్టూ తెలుపు. కన్ను పక్కకి తిప్పి అంచుతో పట్టుకోవాలని చూశాను. తెలుపు. వెనక ఊపిరులు ఆగి ఉన్నాయి.

పక్కన లేత చార, భుజం నుంచి తోక దాకా, అన్నాను.

ఆ చార నాకు కంఠతా వచ్చు. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో నల్లబల్ల మీద గీశాను.

తర్వాత ఆర్లో వంగాడు. తోక కుచ్చులా ఉంది, అన్నాడు. ఆపైన, అరెరే, బండ వెనక్కి పోయింది, అని లేచాడు. మిగతావాళ్ళు ఉసూరుమన్నారు, అయినా చప్పట్లు కొట్టారు. ఊళ్ళో కొట్టావిడ, ఏ జంతువుని ఎవరు చూశారో రాసే బోర్డు మీద మా ముగ్గురి పేర్లూ రాసి, హకిల్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చిన ‘పై’ ముక్కలు తెచ్చి పెట్టింది. ఆర్లో ముట్టుకోలేదు. ఆ మనిషి తీపి వదిలేయడం ఇదే మొదలు.

నేను తిన్నాను. రుచి తెలియలేదు.

ఏప్రిల్ 12

రమోనా టెలిస్కోపు పక్కనే కెమెరా నడుస్తూ ఉందట. వీడియో చూపిస్తానని నా పక్కన కూర్చుంది. చూడండి, నడుస్తోంది, ఆగింది, ఇదిగో బండ వెనక్కి పోయింది, మళ్ళీ వస్తుందిప్పుడు, అంటూ చెబుతోంది. ఇంతలో కెమెరాలోంచి రమోనా గొంతే, జరగండి, టీచరమ్మని రానివ్వండి. కాసేపటికి నా గొంతు, లేత చార.

రమోనా టక్కున ఆపేసింది. బ్యాటరీ అయిపోయింది టీచరమ్మా, అంది. మంచి మనిషి. అబద్ధాలు చేతకావు.

అంటే నేను వంగేసరికే అక్కడ ఏమీ లేదు. నా అబద్ధం నాది, మోస్తాను. కానీ ఆర్లోవి గద్ద కళ్ళు. బ్రెజిల్‌లో జాగ్వార్ చెవులు మాత్రమే కనబడ్డాయని, చెవులు జాగ్వార్ కావని, తన పట్టికలోంచి తనే కొట్టేసుకున్నవాడు. ఆరువందల జంతువుల్లో ఒక్క అనుమానం లేదు. అలాంటివాడు ఖాళీ మంచుని చూసి తోక కుచ్చులా ఉందన్నాడు.

ఏప్రిల్ 13

కారులో అడిగాను. ఆ తోక ఎక్కడిది మరిదీ, అన్నాను.

నీ చార పక్కనే ఉంది వదినా, అన్నాడు.

తర్వాత ఇద్దరం చాలాసేపు అద్దంలోంచి రోడ్డు చూశాం. అతను చూశాడు, నేను కూర్చున్నాను. నా కళ్ళ సంగతి అతనికి నిరుడే తెలుసట. హొక్కైడోలో ఒక నల్ల బండని చూపించి, ష్, ఎలుగు నిద్రపోతోంది, అన్నానట. నువ్వు అన్నావుగా అని నేనూ పావుగంట గుసగుసగానే మాట్లాడాను, అన్నాడు.

మరి బోర్నియో ఎందుకన్నావురా, అన్నాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి రా అన్నాను.

నువ్వు ఆగితే పడిపోతావని భయం, అన్నాడు. నాకు విసుగొచ్చి నాలుగేళ్ళయింది వదినా, నా మంచం, నా దిండు, నా కిటికీలో ఉడత, అంతకంటే ఏమీ వద్దు, అన్నాడు.

నాలుగేళ్ళు. మడగాస్కర్, చిలీ, హొక్కైడో. నా కోసం అతను, అతని కోసం నేను, చెరో మాత్రల డబ్బా పట్టుకుని విమానాలెక్కాం. నవ్వొచ్చింది. కాసేపటికి అది నవ్వు కాదు.

పోనీలే, ఈ వయసులో మనల్ని ఎవరడుగుతారు, బోర్డు మీద ఆ పేర్లు అలా ఉండనీ, అన్నాడు.

ఏప్రిల్ 14

ఆర్లో, ఈ పేజీ నీకు. మిగతావి చదవకు, నీ గురించి మంచిగా ఏమీ రాయలేదు.

కొట్టు ఎనిమిదింటికి తెరుస్తారు. బోర్డు పొయ్యి పక్కన ఉంది. రమోనా పేరు ఉంచి మన రెండు పేర్లూ చెరిపెయ్. నేనే వెళ్ళేదాన్ని, కానీ ఏది ఎవరి పేరో నాకు తెలియదు. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. తడిగుడ్డ అడిగి తీసుకో, చొక్కా చేతితో తుడవకు.