ఏడో బుట్ట

నా ఇంజనీరమ్మకు,

ఎలా ఉన్నావు? ఇక్కడ నేనూ, మన పిడుగూ వేళకు తింటున్నాం, తిరుగుతున్నాం, టీవీ రిమోటు కోసం పోట్లాడుకుంటున్నాం. అంటే క్షేమమేనని అర్థం చేసుకో. ఆ ఓడ అడుగున, ఇంజన్ల వేడిలో, ఆ రొదలో నువ్వెలా నిద్రపోతున్నావోనని రోజుకొకసారైనా అనుకుంటాను.

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చుని, నాలుగుసార్లూ లేచిపోయాను. ఒకసారి ఆరిన బట్టలు తీయాలనిపించింది. ఇంకోసారి పొయ్యి తుడవాలనిపించింది. పొద్దున తుడిచిన పొయ్యినే మళ్లీ తుడిచాను. ఈ రోజు పిల్ల బడికి వెళ్లగానే తలుపు గడియ పెట్టి కూర్చున్నాను. పూర్తయ్యేదాకా లేవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చూద్దాం.

ముందు నీ ప్రశ్నలు. వంటింటి కొళాయి బాగైంది. వాషరు మార్చాను. నువ్వు చెప్పిన సైజు పట్టలేదు, ఒక నంబరు చిన్నది తెచ్చి బిగించాను. ఓడ ఇంజన్లు విప్పేదానికి ఇంటి కొళాయి కొలత తెలియలేదని మీ ఓడవాళ్లకు చెప్పనులే. పిల్ల గుడ్డు తింటోంది. పాలు మాత్రం కిటికీ దగ్గరి మొక్క తాగుతోందని నా అనుమానం, మొక్క తెగ బలిసింది. ఫొటోలో జుట్టు నుదుటి మీదకు ఎందుకు దువ్వుకుందని అడిగావు. నా అక్షరాలు ఎందుకింత పెద్దవయ్యాయి, వరసలు ఎందుకు కొండెక్కుతున్నాయి అని కూడా అడిగావు. ఆ రెండింటికీ జవాబు ఉంది. కాస్త ఆగు. దానికి ముందు, పార్కులో మేమాడే ఆట ఏమిటో వివరంగా రాయమన్నావు కదా, అది రాస్తాను. అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

డిస్క్ గోల్ఫ్ అంటారు. గోల్ఫే, కాకపోతే బంతీ కర్రా ఉండవు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్కు చేత్తో విసరాలి. గుంట బదులు ఒక స్తంభానికి ఇనుప బుట్ట, దాని మీద వేలాడే గొలుసులు ఉంటాయి. డిస్కు గొలుసులకు తగిలి ఝల్లుమని బుట్టలో పడితే ఆ బుట్ట అయిపోయినట్టు. ఎన్ని విసుర్లు తక్కువైతే అంత గొప్ప. మన నది ఒడ్డు పార్కులో పద్దెనిమిది బుట్టలున్నాయి. చూడ్డానికి పిల్లలాట. ఆడితే తెలుస్తుంది. నది మీద గాలి ఎటునుంచి ఎప్పుడు కొడుతుందో దానికే తెలియదు. మూడో బుట్టకు రెండు వరసల చెట్ల మధ్య సందులోంచి వేయాలి, కొమ్మకు తగిలిందా మళ్లీ మొదటికే. పదకొండోది ఏటవాలు మీద ఉంటుంది, తప్పిన డిస్కు నిలబడి బండి చక్రంలా దొర్లుకుంటూ కిందికి పోతుంది.

అన్నింటికీ పెద్ద ఏడోది. అక్కడ నది లోపలికి వంపు తిరుగుతుంది. మనం ఈ గట్టు మీద నిలబడాలి. బుట్ట అవతలి గట్టు మీద ఉంటుంది. మధ్యలో అంతా నీళ్లే. దూరం చెప్పాలంటే, నాకు తెలిసిన కొలతలో, ఏడు బస్సులు వరసగా నిలబెట్టినంత. నేను విసిరితే డిస్కు తిన్నగా వెళ్లి, జోరు తగ్గాక ఎడమకు ఒరుగుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకుని కుడివైపుకు గురిపెట్టి వదలాలి. నీళ్లలో ఎన్ని పోగొట్టుకున్నానో అడగకు.

ఆ ఆటలోకి నన్ను లాగింది పిడుగే. నువ్వు వెళ్లిన రెండో వారం దారిలో ఎవరో ఆడుతుంటే చూసి, 'నాన్నా, మనమూ ఆడదాం' అని చొక్కా పట్టుకుని వదల్లేదు. అక్కడే డెంటిస్టమ్మ పరిచయమైంది. యాభై దాటిన మనిషి, పళ్ల డాక్టరు. వారమంతా ఒకరి నోట్లోకి వంగి వంగి చూసి, ఆదివారం నడుం సాగదీసుకోవడానికి వస్తానంటుంది. ఆవిడ డిస్కు గీత గీసినట్టు పోతుంది. మా ముగ్గురికీ ఆదివారం పొద్దున్న పార్కు అలవాటైపోయింది.

రెండు నెలల కిందట ఒకరోజు ఆవిడ నాతో అంది. 'ఏమనుకోకండి. మీ చేయి బాగుంది. కానీ దగ్గరి నుంచి వేసేటప్పుడు ప్రతిసారీ బుట్టకు రెండడుగులు ముందే పడేస్తున్నారు. ఒకసారి కళ్లు చూపించుకోరాదూ?'

'పద్దెనిమిదేళ్లుగా బస్సు నడుపుతున్నానండీ. ఇంతవరకు ఒక గీత పడలేదు. దూరాలు నాకు తెలియవా?' అన్నాను నవ్వుతూ.

ఆ నవ్వు అబద్ధం. అప్పటికే నా ఎడమ కంటికి మంచు పట్టినట్టుగా ఉండేది. మొదట్లో బస్సు ముందద్దం సరిగా తుడవలేదనుకుని గ్యారేజీలో ఇద్దరి మీద కేకలేశాను. తర్వాత కుడిచేత్తో కుడికన్ను మూసి చూసుకుంటే తెలిసింది, మురికి అద్దానిది కాదని. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. వెళ్తే ఏమంటారో నాకు తెలుసు. స్టీరింగు లేకుండా నేనెవరిని? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోలేక, సర్దుకుంటుందిలే అని రోజులు నెట్టాను. ఒకసారి మార్కెట్ స్టాపులో పక్కద్దం స్తంభానికి రాసుకుంది. మలుపు ఇరుకని కండక్టరుతో బుకాయించాను. నిండా జనంతో ఉన్న బస్సు అది. ఈ వాక్యం రాయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

ఇదిగో, ఒట్టు తప్పి లేచాను. నీళ్లు తాగి వచ్చాను. కిటికీలోంచి కింద స్టాపు కనబడుతోంది. నా రూటు బస్సు ఇప్పుడే పోయింది, వేరేవాడు నడుపుతున్నాడు. బ్రేకు మరీ గట్టిగా తొక్కుతాడు.

పిల్ల మెట్ల మీద జారి నుదురు కొట్టుకుందని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. పిల్ల మెట్ల మీద జారలేదు. తగిలింది నా డిస్కు.

నెల కిందటి ఆదివారం. గాలి ఎక్కువగా ఉంది. డెంటిస్టమ్మ తన వంతు అయిపోయి చెక్క వంతెన దాటి ఎనిమిదో బుట్ట వైపు వెళ్లిపోయింది. నా డిస్కు ఎక్కడ పడుతుందో చూడడానికి పిడుగు అవతలి గట్టు మీద ఉంది. నేను బలమంతా పెట్టి విసిరాను. చేయి వదిలిన క్షణంలో బాగా పడిందనే అనుకున్నాను. నది మధ్యలో గాలి దాన్ని పైకెత్తింది. తర్వాత ఎడమకు ఒరిగింది. ఎడమవైపు నాకు అంతా పొగే. పిల్ల కేక మాత్రం వినబడింది.

వంతెన మీద ఎలా పరిగెత్తానో గుర్తులేదు. నేను చేరేసరికి డెంటిస్టమ్మ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని తన మెడలోని స్కార్ఫు నుదుటికి అదిమి పట్టింది. నేను పక్కనే గడ్డి మీద కూలబడ్డాను. 'కూర్చోకండి, నా కారు తలుపు తీయండి' అని ఆవిడ గదమాయిస్తే కదిలాను. కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన డాక్టరు చేతి తొడుగులు తీస్తూ, 'ఒక్క వేలెడు కింద తగిలుంటే కన్నే పోయేది' అన్నాడు. ఆ మాట నాకు రోజూ వినబడుతోంది. పళ్లు తోముకుంటుంటే వినబడుతుంది, చెప్పులు వేసుకుంటుంటే వినబడుతుంది. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడానికి కారణం అదే. గాయం ఆరింది. చిన్న గీత మిగిలింది. దాన్ని దాచడానికే ఆ జుట్టు.

మర్నాడు సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్లాను. బస్సు స్టార్టు చేశాను. డిపో గేటు ముందు స్టాపులో జనం ఎక్కారు. బడి సంచులతో ఇద్దరు చిన్నపిల్లలు నా వెనక సీట్లో కూర్చుని ఏదో లెక్క గురించి వాదించుకుంటున్నారు. పక్కద్దంలో చూశాను. వెనక వస్తున్న కారు దగ్గరుందో దూరముందో నాకు తెలియలేదు. ఇంజను ఆపేశాను. బస్సు పాడైందని కండక్టరుతో చెప్పి, దిగి, తిన్నగా డిపో మేనేజరు గదిలోకి నడిచాను.

'సార్, బస్సు బాగానే ఉంది. పాడైంది నా కన్ను' అన్నాను.

ఆయన కాగితాల్లోంచి తలెత్తాడు. 'ఎప్పటి నుంచి?'

'రెండు నెలల నుంచి.'

'రెండు నెలలా! బుద్ధుందా నీకు? ఎవరికైనా ఏమైనా అయ్యుంటే?'

'అయింది సార్. మా అమ్మాయికి.'

ఆయన ఇంకో తిట్టు తిట్టబోయి ఆగిపోయాడు. కుర్చీ చూపించాడు. ఆ రోజే కంటి ఆసుపత్రికి పంపించాడు. అక్కడి డాక్టరమ్మ చీకటి గదిలో లైటు వేసి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు కంటికి ఏమైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. గ్యారేజీలో పని నేర్చుకునే రోజుల్లో ఫ్యాను బెల్టు తెగి మొహం మీద కొట్టిందని చెప్పాను. 'దాని వల్లే కావచ్చు. శుక్లం. ముసలివాళ్లకే వస్తుందని లేదు' అంది. తీసేసి కొత్త లెన్సు పెడతారట. వచ్చే శుక్రవారం ఆపరేషను. చూపు వస్తుందని ఆవిడకు నమ్మకం ఉంది. బస్సు ఇస్తారా లేదా అన్నది తర్వాత పెట్టే పరీక్ష మీద ఉంటుంది. అంతవరకు డిపోలో, బస్సుల్లో జనం మర్చిపోయిన వస్తువుల గదిలో నా డ్యూటీ. సెలవని నీకు రాసింది కూడా అబద్ధమే. ఈ వారమంతా మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి పొద్దున ఇలా రాయగలుగుతున్నాను. ఆ గదిలో గొడుగులు లెక్కలేనన్ని. ఒక పెళ్లి ఆల్బం ఉంది, ఎవరూ అడగలేదు. ఒంటి కాలి బూట్లు మూడున్నాయి. ఒంటి బూటుతో మనిషి బస్సు ఎలా దిగి వెళ్లిపోతాడో నాకు అంతుపట్టడం లేదు.

మొన్న ఆదివారం పిల్ల మళ్లీ పార్కుకు వెళ్దామంది. నేను వద్దన్నాను. 'నువ్వు ఆడకు. నేనాడతాను, నువ్వు నా వెనక నిలబడు' అంది. వెళ్లాం. డెంటిస్టమ్మ పిల్ల భుజం మీద చేయి వేసి నడిచింది. ఏడో బుట్ట దగ్గర పిడుగు మొదటి డిస్కు నీళ్లలో పడింది. రెండోదీ పడింది. మూడోది వేసే ముందు గడ్డి తుంచి గాలిలోకి వదిలి చూసింది. గాలి పడిపోయేదాకా ఆగింది. అంత ఓపిక దానికెక్కడిదో! అది నీ పోలికే అయ్యుండాలి. వదిలింది. డిస్కు నది దాటి అవతలి గడ్డి మీద పడింది. బుట్టకు చాలా దూరమే. అయినా 'దాటింది నాన్నా, దాటింది!' అని నా నడుం పట్టుకుని ఎగిరింది. నాకు అది దాటడం సరిగా కనబడలేదు. అయినా చప్పట్లు కొట్టాను.

నువ్వు కంగారుపడి మధ్యలో ఓడ దిగి రావద్దు. ఇంకో రెండు నెలలే కదా. శుక్రవారం ఆసుపత్రికి నాతో డెంటిస్టమ్మ వస్తానంది. పిల్ల రెండు రోజులు మీ అమ్మ దగ్గర ఉంటుంది. అత్తయ్యకు కూడా నిన్ననే అంతా చెప్పాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తర్వాత, 'భోంచేశావా?' అని అడిగింది. నువ్వు మాత్రం అంత త్వరగా కరగవద్దు. కోపం వస్తే కోపంగానే రాయి. దాచకుండా రాయి. నేను దాచిన దానికి అదే నాకు తగింది.

ఇంకొక్కటి ఉంది. ఇదొక్కటీ అత్తయ్యకు కూడా చెప్పలేదు.

ఆ రోజు డెంటిస్టమ్మ ఒళ్లో పడుకుని ఉండగానే పిల్ల, 'నాన్న తప్పు లేదు ఆంటీ, నేనే డిస్కుకు అడ్డంగా పరిగెత్తాను' అని చెప్పింది. కుట్లు వేసిన డాక్టరుకూ అదే చెప్పింది. నేను పక్కనే నిలబడి విన్నాను. నీకు ఉత్తరం రాస్తున్నానని నిన్న సాయంత్రం దానితో అన్నాను. హోంవర్కు మీంచి తలెత్తకుండానే, 'నేనే అడ్డంగా పరిగెత్తానని రాయి. అమ్మ నన్నైతే రెండు తిట్లు తిట్టి ఊరుకుంటుంది' అంది. పదకొండేళ్ల పిల్ల. నెల రోజులుగా నా తప్పు తన నెత్తిన పెట్టుకుని బడికి వెళ్లొస్తోంది. ఈ ఉత్తరం దానికి చదివి వినిపించాకే పోస్టు చేస్తాను.

పిల్ల అడ్డం రాలేదు. అవతలి గట్టు మీద బుట్ట స్తంభం దగ్గర నిలబడమని చెప్పింది నేనే. 'ఇక్కడేనా నాన్నా? ఇంకొంచెం వెనక్కి జరగనా?' అని నదికి అవతలి నుంచి అరిచి అడిగింది కూడా. 'వద్దు, అక్కడే ఉండు, ఏం కాదు' అన్నాను. డిస్కు మీదికి వస్తున్నా పిల్ల అక్కడే ఉంది. నేను చెప్పానని.

ఇట్లు,
నీ తిట్ల ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
పిడుగు వాళ్ల నాన్న