ఏడో గుంజ

మడచెట్ల లెక్క చూసే స్వామి సారుకు, నాగావ్ నుంచి సాంచాల (మరమగ్గాల) కార్మికుడి దండాలు.

భివండి ఖాడీలో, అంటే సముద్రపు పాయలో, మళ్లీ నాటిన మడచెట్ల దగ్గర ప్రతి అమావాస్యకూ బురద ఎంత పేరుకుందో చూసి, అక్కడ పాతిన గుంజలకు సరిగ్గా ఆ మట్టం దగ్గర నూలుముడి వేసేది నా భార్య రామవ్వ. “ఉన్నదున్నట్టే రాయాలె” అనేది. ఏడో గుంజకు ముడి బిగించి లేస్తుండగా పోటునీళ్లు ఆమెను తీసుకుపోయాయి. ఆ పని మీరు నాకిచ్చారు.

ఆమె చివరి ముడి పూడిపోకూడదని రెండేళ్లుగా బురద చేత్తో తోడేసి, అక్కడ మట్టం పెరగలేదని మీకు అబద్ధం రాశాను. క్షమించండి.

జ్వరమొచ్చి రెండు నెలలు వెళ్లలేదు. నిన్న వెళ్తే ఆ ముడి బురద కింద ఉంది. సరిగ్గా కొత్త మట్టం దగ్గర ఇంకో ముడి ఉంది. రామవ్వది ఎడమచేతి వాటం. ఆ ముడీ ఎడమచేత్తో వేసిందే.

మిగతా గుంజల కొలతలు పంపుతున్నాను. ఏడోది ఆమె పేరున రాసుకోండి.